ఆయన ఉత్తరంలో ఆయనదైన ఒక్క వాక్యం

ప్రశ్న: మాది కాకినాడ. పెళ్లయి పదకొండేళ్లయింది. మావారు బ్యాంకులో పనిచేస్తారు, నేను ఇంటి దగ్గరే పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతాను. మొన్న పెళ్లిరోజుకి ఆయన మొదటిసారిగా నాకు రెండు పేజీల ఉత్తరం రాశారు. చదివి ఏడ్చాను. వారం తిరక్కుండానే అందులోని వాక్యాలు చాలావరకు ఆయనవి కావని తెలిసింది. కొన్ని పాత సినిమాల్లో మాటలు, కొన్ని ఎవరెవరో ఇంటర్నెట్‌లో రాసుకున్నవి. ఒక్కొక్కటీ వెతికి పట్టుకున్నాను. ఎక్కడా దొరకనిది ఒక్కటే: "కరెంటు పోయిన రాత్రి నువ్వు విసనకర్రతో విసురుతున్నంతసేపూ నేను మేలుకునే ఉన్నాను, చెప్పలేదు" అని. అది మిగతా వాటితో అతకకుండా మధ్యలో పడి ఉంది. అడిగితే "భావం నాదే, మాటలు వాళ్లవి" అన్నారు. ఆ తర్వాత ఇద్దరం కలిసి 'సర్టిఫైడ్ కాపీ' సినిమా చూశాం. అందులో ఆ ఇద్దరూ నిజంగా భార్యాభర్తలేననీ, మొదట్లో పరాయివాళ్లలా నటించారనీ నేనన్నాను. పరాయివాళ్లే భార్యాభర్తల్లా నటించారని ఆయన అన్నారు. మాటామాటా పెరిగి, "నకలంటే నీకు పడదు గానీ, నువ్వు పిల్లలతో వేయించేవి రవివర్మ నకళ్లేగా" అనేవరకు వచ్చింది. మా ఇద్దరిలో ఎవరిది సరైన మాట? అరువు మాటలతో చెప్పిన ప్రేమను ప్రేమ అనుకోవాలా?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది సినిమాకు సంబంధించినది, రెండోది మీ ఇంటికి సంబంధించినది. మొదటిది తేలితే రెండోది దానంతటదే తేలుతుందని మీరిద్దరూ అనుకున్నట్టున్నారు, లేకపోతే ఒక ఇరాన్ దర్శకుడు ఇటలీలో తీసిన సినిమా గురించి కాకినాడలో ఇంత గొడవ జరగదు. నేను కూడా ఆ వరుసలోనే వస్తాను.

సినిమా చూడని పాఠకుల కోసం కథ క్లుప్తంగా చెప్పాలి. అబ్బాస్ కియరోస్తమీ ఇరాన్ వెలుపల తీసిన తొలి పూర్తి నిడివి కథాచిత్రమిది. 2010లో కాన్ ఉత్సవంలో ప్రదర్శితమైనప్పుడు కథానాయిక జూలియెట్ బినోష్‌కు అక్కడే ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. జేమ్స్ మిల్లర్ అనే ఆంగ్ల రచయిత, కళలో నకలు అసలుకు ఏమీ తీసిపోదని వాదిస్తూ రాసిన తన పుస్తకం గురించి మాట్లాడడానికి టస్కనీ ప్రాంతంలోని అరెజ్జో పట్టణానికి వస్తాడు. పురాతన వస్తువుల దుకాణం నడుపుకునే ఒక ఫ్రెంచి స్త్రీ, సినిమా మొత్తంలో పేరు లేని స్త్రీ, ఆయనను తన కారులో లూచిన్యానో అనే చిన్న ఊరికి తీసుకెళ్తుంది. అక్కడొక కాఫీ దుకాణంలో ఆయన ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్లినప్పుడు, దుకాణం నడిపే పెద్దావిడ ఆయనను ఆమె భర్త అనుకొని సంసారం సంగతులు మొదలుపెడుతుంది. ఆమె కాదనదు. ఆయన తిరిగి వచ్చాక ఆ సంగతి చెబుతుంది. ఆయనా కాదనడు. అక్కడి నుంచి సాయంత్రం వరకు ఇద్దరూ పదిహేనేళ్ల కాపురం చేసిన దంపతుల్లా దెప్పుకుంటూ, అలుగుతూ, బతిమాలుకుంటూ తిరుగుతారు.

మీవారి వాదనకు బలం లేకపోలేదు. మొదటి సగంలో వాళ్లిద్దరూ ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియనట్టే మాట్లాడతారు. ఆమె కొడుకు కూడా అమ్మకు ఎవరో కొత్తాయన మీద మనసు పోయిందన్నట్టు ఆటపట్టిస్తాడు. మీ వాదనకు ఉన్న బలం మాత్రం ఇంకా సూక్ష్మమైనది. తన పుస్తకానికి ఆలోచన ఎలా వచ్చిందో జేమ్స్ కాఫీ దుకాణంలోనే చెబుతాడు. కొన్నేళ్ల కిందట ఫ్లోరెన్స్‌లో ఒక తల్లి ముందు నడుస్తుంటే కొడుకు ఎప్పుడూ కొంత దూరం వెనకబడి రావడం చూశాడట. ఆ తల్లి కూడలిలోని విగ్రహం దగ్గర నిలబడి పిల్లవాడికి దాని గురించి చెబుతుంటే, అది నకలే అయినా వాడు అసలును చూసినంత అబ్బురంగా చూశాడట. వింటున్న ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఆ తల్లి తనేనన్నట్టు. నటన ఇంకా మొదలుకాని వేళ వచ్చిన కన్నీరది. తర్వాత అప్పటిదాకా ఇంగ్లిషులోనే నడిచిన మాటల్లోకి ఆయన వైపు నుంచి ఫ్రెంచి కూడా వచ్చి చేరుతుంది. ఇన్ని ఆనవాళ్లు చూపించి, దర్శకుడు ఏ ఒక్కదాన్నీ రుజువుగా నిలబడనివ్వలేదు. రెండు సగాల్లో ఒకటి అసలు, రెండోది నకలు అని మీరిద్దరూ ఒప్పుకున్నారు. మీ తగువల్లా ఏది అసలన్న దాని మీదే. నా ఉద్దేశంలో పొరపాటు ఆ ఒప్పుకోలులోనే జరిగింది.

'సర్టిఫైడ్ కాపీ' అన్న ఆ పేరును కాసేపు మన వాడుకలో పెట్టి చూడండి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకొని గెజిటెడ్ అధికారి ఇంటి ముందు నిలబడిన తరం మనది. ఆయన అసలును, నకలును పక్కపక్కన పెట్టి చూసి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి ముద్ర వేస్తే అది 'ట్రూ కాపీ' అయ్యేది. నిజమైన నకలు! విడ్డూరంగా వినిపించినా అందులో ఒక తర్కం ఉంది. ఆ కాగితానికి విలువ దాని సొంతం కాదు, రెంటినీ చూసినవాడు ఒకడున్నాడన్న నమ్మకం వల్ల వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మీ ఉత్తరం దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

కళ విషయంలో జేమ్స్ చెప్పేదాన్ని నేను చాలావరకు ఒప్పుకుంటాను. పిల్లవాడు అబ్బురపడి చూసిన ఆ విగ్రహం మైకెలాంజెలో చెక్కిన డేవిడ్‌కు నకలు. అసలును 1873లో అకాడెమియా ప్రదర్శనశాలకు తరలించారు, కూడలిలో నకలును 1910లో నిలబెట్టారు. అక్కడ ఎండలో వానలో నిలబడుతున్నది ఇప్పుడు నకలే. సినిమాలో ఒక మ్యూజియం కూడా వస్తుంది. రోమన్ల కాలం నాటిదని చాలాకాలం నమ్మిన ఒక స్త్రీ చిత్రం తర్వాతెప్పుడో నకలని తేలినా దాన్ని గోడ మీంచి దించకుండా అక్కడే ఉంచుకున్నారు. మనకైతే అంత దూరం వెళ్లవలసిన పని కూడా లేదు. నలదమయంతుల కథ చెప్పే పన్నెండో శతాబ్దపు శ్రీహర్షుడి నైషధాన్ని శ్రీనాథుడు తెనిగించినప్పుడు, సంస్కృత పండితులు దాన్ని చూసి "నీ డుమువులు నీవు తీసుకొని మా నైషధం మాకిచ్చెయ్యి" అన్నారని చెప్పుకుంటారు. సంస్కృత సమాసాలను ఉన్నవి ఉన్నట్టు దించేసి, చివర డు, ము, వు, లు తగిలించి తెలుగు చేశావని ఎత్తిపొడుపు. ఆ మాట అన్నవారి పేర్లు ఎవరికీ గుర్తులేవు, 'శృంగార నైషధం' మాత్రం తెలుగువారి సొత్తయింది. డుమువులు తగిలించడమంటే అక్షరాలు అతికించడం మాత్రమే కాదని, ఏ సమాసం తర్వాత ఎక్కడ ఆగాలో, పద్యం ఎక్కడ విరగాలో, ఊపిరి ఎక్కడ తీయాలో తెలిసినవాడికే అవి లొంగుతాయని చదివినవారికి తెలుసు.

రవివర్మ గురించి మీవారన్న మాట కోపంలో వచ్చింది కనుక దానిమీద ఎక్కువసేపు ఆగను. 1894లో బొంబాయిలో సొంత అచ్చుయంత్రం పెట్టి తన బొమ్మలకు తానే వేలకొద్దీ నకళ్లు తీయించిన చిత్రకారుడాయన. మన నాయనమ్మలు దణ్ణం పెట్టుకున్న లక్ష్మి, సరస్వతి పటాలు అచ్చులో వచ్చినవే, ఆ దణ్ణాల్లో నకలేమీ లేదు. చెయ్యి తిరగాలంటే ఎవరిదో ఒకరి గీత మీద గీయవలసిందే. మీ పిల్లలు చేస్తున్నదదే, ఆ మాటకొస్తే ఉత్తరం రాయడం రాని మనిషి మొదటి ఉత్తరం రాస్తూ చేసినదీ అదే.

అయితే జేమ్స్‌తో నేను విడిపోయే చోటు ఒకటుంది. కళ గురించి అంత ధీమాగా సిద్ధాంతం చెప్పినవాడు, అదే సిద్ధాంతం ఒక మనిషి రూపంలో పక్కన నడుస్తూ పరీక్ష పెడితే తేలిపోతాడు. లూచిన్యానోలో పెళ్లిళ్లు జరుగుతుంటాయి. కొత్త దంపతులు తమతో ఫొటో దిగమని అడిగితే ఆమె సంబరపడుతుంది, ఆయన ముళ్ల మీద నిలబడ్డట్టు నిలబడతాడు. తర్వాత ఒక కూడలిలో, పురుషుడి భుజం మీద తలవాల్చిన స్త్రీ శిల్పం దగ్గర ఇద్దరికీ మాట పట్టింపు వస్తుంది. ఆ శిల్పంలో ఆమెకు కనిపించేది ఆయనకు కనిపించదు. అక్కడే ఒక పెద్దాయన భార్య మీద కేకలు వేస్తున్నట్టు కనిపిస్తాడు, కాస్త తిరిగేసరికి చెవి దగ్గర ఫోను కనబడి, అరుస్తున్నది ఇంకెవరి మీదో అని తెలుస్తుంది. ఆ పెద్దాయన జేమ్స్‌ను పక్కకు పిలిచి, తండ్రి కొడుక్కు చెప్పినట్టు నెమ్మదిగా, ఆమెకు కావలసింది మీరు పక్కన నడుస్తూ ఆమె భుజం మీద చెయ్యి వేయడమేనని చెబుతాడు. ఆ పాత్ర వేసినది ఫ్రెంచి రచయిత జాన్-క్లోద్ కారియేర్, పీటర్ బ్రూక్ రంగస్థలం మీదికి తెచ్చిన మన మహాభారతానికి నాటకరూపం రాసిన మనిషి. ఆ తెల్లటి గడ్డంలోంచి సలహా వస్తుంటే ఏ విదురుడో మాట్లాడుతున్నట్టు నాకనిపించడం వల్లనో ఏమో, సినిమా మొత్తంలో నేను ఎక్కువసార్లు తిరిగి చూసిన చోటు ఇదే.

జేమ్స్ చెయ్యి వేస్తాడు. ఎవరో చెప్పిన మాట, ఎవరో నేర్పిన సైగ, శిల్పంలోని భంగిమకు నకలు. అంతకంటే అరువు తెచ్చుకున్న ప్రేమ మరొకటి ఉండదు. అయినా ఆమె ముఖం తేటపడుతుంది. భోజనశాలకు వెళ్లగానే ఆమె ముఖం కడుక్కునే చోటికి వెళ్లి, అద్దంలో చూసుకుంటూ, నిజానికి తెర మీంచి మనవైపే సూటిగా చూస్తూ, పెదవులకు రంగు వేసుకొని, ఒక్కొక్కటిగా చెవులకు లోలాకులు పెట్టుకుంటుంది. భుజం మీద పడిన ఒక్క చేతికి ఆమె ఇచ్చిన జవాబది. బయటికి వచ్చేసరికి ఆయన వైను బాగాలేదని, వడ్డించేవాడు పట్టించుకోవడం లేదని మండిపడుతుంటాడు. లోలాకులు చూడడు. అరువు సైగ అక్కడ విఫలం కాలేదు, నూటికి నూరుపాళ్లు పనిచేసింది. చెయ్యి వేసినవాడు, దానివల్ల ఏం జరిగిందో తలెత్తి చూడకపోవడం ఒక్కటే జరిగింది. మీరు మీ ఉత్తరం మీద పెట్టిన నేరం నకలు నేరం. నేనైతే ఆ ఉత్తరం చేతికిచ్చాక మీరు చదువుతున్నంతసేపూ ఆయన మీ ముఖంలోకి చూశారా, ఫోను చూసుకున్నారా అని అడుగుతాను. ఆ సంగతి మీరు రాయలేదు.

ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూపించిన సినిమా 2000లో వచ్చిన వాంగ్ కార్-వై చిత్రం 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్'. 1962 నాటి హాంకాంగ్‌లో పక్కపక్క గదుల్లో అద్దెకు దిగిన ఒక స్త్రీకి, ఒక పురుషుడికి, ఆమె భర్తా ఆయన భార్యా కలిసి తమను మోసం చేస్తున్నారని తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో గమనించండి. ఆమె చేతిసంచి లాంటిదే ఆయన భార్య దగ్గరా ఉంది, ఆయన మెడలో టై లాంటిదే ఆమె భర్తకూ ఉంది. ఒకే వస్తువును జతలు కొని ఇద్దరు ఆడవాళ్లకు, ఇద్దరు మగవాళ్లకు ఇచ్చుకున్నారు. నకళ్లే గుట్టు రట్టు చేశాయి. ఆ తర్వాత వీళ్లిద్దరూ వాళ్ల ప్రేమ ఎలా మొదలై ఉంటుందోనని వాళ్ల పాత్రలు తాము వేసుకుంటూ ఆడి చూస్తారు. హోటల్లో ఆయన భార్య తినే వంటకం ఆమె తెప్పించుకొని, ఆ కారానికి తట్టుకుంటూ తింటుంది. భర్తను నిలదీయడం కూడా అభ్యాసం చేస్తుంది. ఎదురుగా భర్త స్థానంలో కూర్చున్నది ఈయన. "నీకింకో స్త్రీ ఉందా" అని అడుగుతుంది, ఆయన ఉందంటాడు, తెలిసిన జవాబే అయినా ఆమె చెయ్యి సరిగా లేవదు. మళ్లీ మొదలుపెడతారు. రెండోసారికి ఆమె ఏడ్చేస్తుంది, ఇంత బాధగా ఉంటుందనుకోలేదని. చివరికి విడిపోవడాన్ని కూడా ముందుగా ఆడి చూసుకుంటారు, అప్పుడు ఆమె భుజాలు కుదిపేసిన ఏడుపుకు అది అభ్యాసమేనన్న ఓదార్పు ఏమాత్రం సరిపోదు. వాళ్లు ఆడినది పరాయి ప్రేమకు నకలు. అందులో పుట్టిన దుఃఖానికి వేరే అసలు ఎక్కడా లేదు.

మీవారు "భావం నాదే, మాటలు వాళ్లవి" అన్నప్పుడు మీకు అది తప్పించుకునే మాటలా వినిపించింది. నాకు అది సగం నిజంలా వినిపిస్తోంది. మన ఇళ్లలో మగవాళ్లకు ప్రేమ మాటలు ఎవరు నేర్పారు చెప్పండి. తండ్రి తల్లితో మాట్లాడగా వాళ్లు విన్నది "ఏమేవ్, మంచినీళ్లు" అన్నంతవరకే. మిగతాదంతా తెర మీద నాయకుడు చెబితే విన్నారు. ఇష్టమన్నది ఒంట్లో ఉండి, మాట మాత్రం థియేటర్లో దొరికిన తరం అది. పదకొండేళ్లు ఏమీ రాయని మనిషికి ఒకరోజు రాయాలనిపించి, కాగితం ముందు కూర్చుని, తన మాట చాలదన్న భయంతో గొప్పగా వినిపించే మాటల కోసం వెతుక్కున్నారు. నేను ఆయనను పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. తెచ్చుకున్న మాటలను తెచ్చుకున్నవని ఆ రోజే చెప్పి ఉండవలసింది. కన్నీళ్లు పెట్టుకున్న మనిషికి వారం తర్వాత అది తనంతట తనకే తెలియడం అవమానమే, ఆ నొప్పి మీకు ఉండడం న్యాయమే.

అయితే ఒక్కొక్క వాక్యాన్నీ వెతికి పట్టుకున్నానని మీరు రాసినచోట నాకు కాస్త భయమేసింది. 1958లో హిచ్‌కాక్ తీసిన 'వర్టిగో'లో ఒక మాజీ డిటెక్టివ్, తాను పోగొట్టుకున్నాననుకున్న స్త్రీని పోలిన మరొకామె కనబడితే, అదే బూడిదరంగు దుస్తులు, అదే జుట్టు రంగు, అదే ముడి వేయించి ఆమెను అచ్చం పాతామెలా తయారుచేయిస్తాడు. ఇద్దరూ ఒకరేనని, మొదటిసారి జరిగిందంతా ఒక కుట్రలో భాగమైన నటనేనని ఆమె మెడలో పెట్టుకున్న హారం చూసి పోల్చుకుంటాడు. దొంగను పట్టుకున్నాడు. ఆ నటనలోనే ఆమె తనను నిజంగా ప్రేమించిందన్న సంగతి ఆ పట్టుకున్న కళ్లకు ఆనలేదు. ఆమె చేసినది చిన్న తప్పు కాదు, మీవారి తప్పుతో దాన్ని పోల్చడం కూడా లేదు. హారం దొరికిన క్షణంలో మనిషి చూపు ఎంత ఇరుకైపోతుందో చూడమని మాత్రమే చెబుతున్నాను. ఇరవై వాక్యాలకు ఇరవై మూలాలు దొరికినప్పుడు, ఇరవయ్యొకటో వాక్యానికి మూలం దొరకకపోవడం మీకు వెతుకులాటలో మిగిలిన లోపంలా అనిపించింది. "అతకకుండా మధ్యలో పడి ఉంది" అని దాన్ని పక్కకు నెట్టేశారు.

ఇక్కడ మళ్లీ నలుడి దగ్గరికి వెళ్లాలి, శ్రీనాథుడు తెనిగించిన ఆ కథకే. స్వయంవరంలో దమయంతి ఎదుట ఐదుగురు నలులు కూర్చున్నారు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపంలో వచ్చారు, పోలికలో వెంట్రుకవాసి తేడా లేదు. నైషధంలోనైతే సాక్షాత్తూ సరస్వతే పక్కన నిలబడి, దేవుడికీ నలుడికీ కూడా సరిపోయేలా శ్లేషలో ఒక్కొక్కరినీ వర్ణిస్తుంది. మాట వల్ల తేలదన్నమాట, మాట చెప్పేది వాగ్దేవి అయినా సరే. దమయంతి తెలివితో కనిపెట్టిందని కూడా కథ చెప్పదు. ఆమె ప్రార్థిస్తే దేవతలు కరిగి తమ గుర్తులు తాము చూపించారు. భారతంలో ఆ గుర్తుల వివరం ఉంది. నలుగురికి చెమట లేదు, రెప్పపాటు లేదు, మెడలో దండలు వాడలేదు, పాదాలు నేలను తాకడం లేదు. ఐదోవాడికి నీడ ఉంది, ఒంటి మీద దుమ్ము, చెమట ఉన్నాయి, దండ వాడిపోయింది, కనురెప్పలు కొట్టుకుంటున్నాయి. దమయంతి అతని మెడలో దండ వేసింది. నకళ్లలో లోపం లేదు, లోపాలన్నీ అసలుకే ఉన్నాయి. మీ చేతిలో ఉన్న రెండు పేజీల్లో వాడని దండలు చాలా ఉన్నాయి. వాడిపోయినది ఒక్కటే ఉంది.

'సర్టిఫైడ్ కాపీ' చివరి ఘట్టం ఈ గుర్తుల గురించేనని నా నమ్మకం. మొదట్లో ఆమె తన చెల్లెలు మరీ గురించి చెబుతుంది. ఆ చెల్లెలి భర్తకు నత్తి, భార్యను పిలిస్తే "మ్మ్... మ్మ్... మరీ" అని వస్తుంది, ఆ పిలుపు చెల్లెలికి ప్రేమగీతంలా వినిపిస్తుంది. జేమ్స్ విని ఊరుకుంటాడు. సాయంత్రం, తమ పెళ్లిరాత్రి గడిపిన గది ఇదేనని ఆమె చెప్పే చిన్న హోటల్ గదిలో, తొమ్మిదింటికి తనకు రైలుందని ఆయన గుర్తుచేస్తే, ఆమె మంచం మీద పడుకొని ఉండిపొమ్మని అడుగుతూ ఆయన పేరును నత్తితో పిలుస్తుంది: "జ్జ్... జ్జ్... జేమ్స్." ఆమెకు నత్తి లేదు. అది మరొకరి లోపానికి నకలు, మరొక కాపురంలోంచి ఎత్తుకొచ్చిన పిలుపు. ప్రపంచంలో ఎన్నో అందమైన పిలుపులుండగా ఆమె ఏరి తెచ్చుకున్నది ఒక తడబాటును. ఆయన ఉంటాడో వెళ్తాడో సినిమా చెప్పదు. స్నానాల గదిలో నిలబడి ఆయన మనవైపు చూస్తాడు, వెనక కిటికీలోంచి గంటలు మోగుతుంటాయి. ఆ పిలుపు విన్న తర్వాత, వాళ్లు నిజంగా భార్యాభర్తలా కాదా అన్న ప్రశ్న నాకు రెండోసారి అడగాలనిపించలేదు. మీరిద్దరూ కావాలంటే ఇంకో పదేళ్లు వాదించుకోండి. సినిమా పట్టుకొని ఇంత గట్టిగా దెబ్బలాడుకునే దంపతులు ఎక్కువమంది లేరు, అది నాకు ముచ్చటగానే ఉంది.

ఆ సినిమాలోనే భోజనాల దగ్గర మరో తగువు నడుస్తుంది. నిన్న మన పదిహేనో పెళ్లిరోజు, నేను స్నానాల గదిలోంచి వచ్చేసరికి నువ్వు నిద్రపోయావని ఆమె అంటుంది. నిద్రపోతే ప్రేమ లేనట్టేనా, కారు నడుపుతూ నువ్వు కునుకు తీయలేదా, అంతమాత్రాన వెనక కూర్చున్న కొడుకు మీద ప్రేమ లేదంటామా అని ఆయన తిప్పికొడతాడు. నిద్ర ఒక నేరారోపణ అయి కూర్చుంది. మీ ఉత్తరం చదువుతూ నేను ఈ తగువు దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే మీవారు రాసిన ఆ ఒక్క వాక్యంలో కూడా నిద్ర ఉంది, నటన కూడా ఉంది. నిజంగా నిద్రపోలేదని, నిద్ర నటించానని ఆయన ఒప్పుకుంటున్నారు. ఉక్కపోతలో భార్య చేతిలో విసనకర్ర కదులుతున్నంతసేపూ కళ్లు మూసుకొని పడుకున్నారు. లేచి "ఇక చాల్లే, నువ్వు పడుకో" అనవచ్చు, అనలేదు. గాలి ఆగిపోతుందనో, మీ ముఖం వైపు చూస్తే ఏం మాట్లాడాలో తోచదనో, ఆ రాత్రి అలాగే సాగాలనో. అది స్వార్థమో ముద్దో నేను చెప్పలేను. పదకొండేళ్ల కాపురంలో ఏదో ఒక వేసవి రాత్రిని దాచుకొని, మొత్తం ఉత్తరంలో ఆ ఒక్కచోటే ఆయన పరాయి మాట ముట్టుకోలేదు. ముట్టుకుందామన్నా దొరికి ఉండదు. అందుకే ఆ వాక్యం బిగుసుకుపోయినట్టుంది, 'చెప్పలేదు' అని తెగిపోయింది.

ఆకుపచ్చ సిరా గురించి చెప్పానే, ఆ పని ఇప్పుడు మీది. సినిమా మాటలను ఎక్కడివో కనిపెట్టడం ఎవరికైనా సాధ్యమే, ఈ వాక్యం నిజమో కాదో చూడడానికి మాత్రం మీరొక్కరే అర్హులు. అసలును చూసినది మీరొక్కరే కనుక. ఆ రాత్రి ఏ ఇంట్లో ఉన్నారో, విసనకర్ర తాటాకుదో వెదురుదో, చెయ్యి మార్చుకుంటూ ఎంతసేపు విసిరారో మీకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరాన్ని చింపకండి, దాచి పూజ కూడా చేయకండి. పెన్సిలు తీసుకొని దొరికిన వాక్యాల కింద సన్నగా గీతలు గీసి ఆయన ఎదురుగా పెట్టి, గీత లేని దాని గురించి మాత్రమే అడగండి. మిగతా ఇరవై వాక్యాల సంగతి ఆ పూటకు వదిలేయండి. జవాబుగా ఆయన మళ్లీ ఏదో సినిమా మాట అందుకుంటే నవ్వేయండి, రెండోసారి అడగండి. తడబడితే ఆగి వినండి.

మీరూ ఒక సంగతి ఆయనకు చెప్పవలసి రావచ్చు. పక్కన పడుకున్న మనిషి ఊపిరి నిద్రలో ఎలా ఉంటుందో, మెలకువలో ఎలా ఉంటుందో పదకొండేళ్లు కాపురం చేసినవారికి తెలియదంటే నేను నమ్మను. ఆయన మేలుకునే ఉన్నారని ఆ రాత్రే మీకు తెలుసా? తెలిసే విసిరారా?